ఆఫ్ఘన్ – పాక్ గొడవ తాలిబాన్లతో మొదలవ్వలేదా? 1947 నుంచే ఉందా?

సింగిల్_చాయ్:
ఫ్రెండ్స్ ఒక డౌటు. ఆ రెండు దేశాల బోర్డర్ లో టోర్ఖం గేటు మూసేశారు, లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి అని ఏడాదికి నాలుగుసార్లు వార్తల్లో వస్తూనే ఉంటుంది. రెండూ ముస్లిం దేశాలే, బోర్డర్ కి రెండు పక్కలా ఉండేది పష్తూన్లే, ఒకే భాష, ఇటు చెల్లెల్ని అటు ఇచ్చుకుంటారు, మరి ప్రభుత్వాలకి మాత్రం ఎందుకు పడి చావదు? నేనైతే ఇదంతా తాలిబాన్లు వచ్చాక మొదలైందనుకున్నా, నిన్న ఎవరో 1947 అన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి, వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు ప్లీజ్.

పాత_మ్యాపులు:
తాలిబాన్లు పుట్టింది 1994లో బ్రో, గొడవ అంతకు చాలా ముందుది. 1947 సెప్టెంబర్ 30న పాకిస్తాన్ ని ఐక్యరాజ్యసమితిలో చేర్చుకుందామా అని ఓటింగ్ పెడితే 53 దేశాలు సరే అన్నాయి, ఒకే ఒక్క దేశం వద్దంది. ఆ ఒక్కటి ఆఫ్ఘనిస్తాన్. అప్పటికే పంజాబ్ తగలబడిపోతోంది, అయినా ఇండియా కూడా అడ్డు చెప్పలేదు, పక్కనున్న ముస్లిం దేశం చెప్పింది.

వాళ్ళ ప్రతినిధి హుస్సేన్ అజీజ్ చెప్పిన కారణం ఏంటంటే, వాయవ్య సరిహద్దు ప్రావిన్స్ లో జనానికి ఇండియానా పాకిస్తానా అని రెండే దారులు చూపించారు, స్వతంత్రంగా ఉంటారా అని అడగలేదు, కాబట్టి ఆ ప్రాంతాన్ని పాకిస్తాన్ లో భాగమని మేం ఒప్పుకోలేం అని. 1947 జూలైలో అక్కడ రిఫరెండం జరిగింది. మన సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ వర్గం కూడా ఇదే అడిగి, మూడో దారి లేదన్నందుకే దాన్ని బహిష్కరించింది. అక్టోబర్ లో కాబూల్ తన "నో" వెనక్కి తీసుకుంది, 1948 కల్లా రాయబారుల్ని కూడా పంపుకున్నారు (పాక్ తరఫున వెళ్ళింది ఐ.ఐ. చుంద్రీగర్, తర్వాత 1957లో రెండు నెలలు ప్రధానిగా చేసినాయనే), కానీ మొదటి రోజే పడిన ముడి ఇప్పటిదాకా వీడలేదు.

అసలు మూలం మాత్రం ఇంకా వెనక, 1893 నవంబర్ లో ఉంది. అమీర్ అబ్దుర్ రహ్మాన్ ఖాన్, బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మోర్టిమర్ డ్యూరాండ్ ఇద్దరూ కాబూల్ లో కూర్చుని గీత గీసుకున్నారు, దాదాపు 2,600 కిలోమీటర్లు. అమీర్ కి ఏటా ఇచ్చే 12 లక్షల రూపాయల్ని 18 లక్షలకి పెంచారు. బలవంతంగా సంతకం పెట్టించారని ఆఫ్ఘన్లు అంటారు, డబ్బు తీసుకుని పెట్టాడని పాక్ వైపు అంటారు. నా లెక్కలో రెండూ నిజమే.

నైట్_షిఫ్ట్:
డ్యూరాండ్ అంటే మన డ్యూరాండ్ కప్ ఫుట్ బాల్ డ్యూరాండేనా???

పాత_మ్యాపులు:
ఆయనే. కప్పు 1888లో పెట్టాడు, గీత ఐదేళ్ళ తర్వాత. రెండిట్లో కప్పు ఒక్కటే గొడవ లేకుండా నడుస్తోంది.

లా_పాయింట్:
చట్టం వైపు నుంచి ఒక మాట. ఆఫ్ఘన్ వాదన వినడానికి బాగానే ఉంటుంది కానీ నిలబడదు. 1919లో బ్రిటిష్ వాళ్ళతో ఆఫ్ఘన్ల మూడో యుద్ధం అయ్యాక రావల్పిండిలో, మళ్ళీ 1921లో కాబూల్ లో కుదిరిన ఒప్పందాల్లో ఆ సరిహద్దునే మళ్ళీ ఒప్పుకున్నారు. 1893లో బలవంతం అన్నారు సరే, 1921లో అమానుల్లా స్వతంత్ర రాజు కదా, ఆయన మెడ మీద ఎవరు కత్తి పెట్టారు? ఇంగ్లీషువాడు పోతే సరిహద్దు పోదు, వారసుడిగా వచ్చిన దేశానికి సంక్రమిస్తుంది. 1950లో బ్రిటన్ పార్లమెంటులో ఇదే చెప్పింది, 1956లో పాక్ కూడా ఉన్న, అమెరికా వైపు సైనిక కూటమి సీటో కూడా డ్యూరాండ్ గీతే సరిహద్దు అంది. ఆ లెక్కన తిరగదోడితే ఆఫ్రికాలో ఒక్క సరిహద్దు మిగలదు.

పాత_మ్యాపులు:
లా_పాయింట్ గారూ, కోర్టులో మీరే గెలుస్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇది కోర్టుకి వెళ్ళలేదు కదా సార్, వెళ్ళదు కూడా. 1949 జూన్ లో పాక్ విమానాలు ఆఫ్ఘన్ వైపున్న ముగల్గై అనే ఊరి మీద బాంబులు వేశాయి, తర్వాతి నెలలో కాబూల్ లోయా జిర్గా (పెద్దల మహాసభ) పిలిచి బ్రిటిష్ వాళ్ళతో చేసుకున్న ఈ ఒప్పందాలేవీ మాకు చెల్లవని తీర్మానం చేసేసింది. అక్కణ్ణుంచి చూడండి, రాజు పోయాడు, దావూద్ వచ్చాడు, కమ్యూనిస్టులు వచ్చారు, ముజాహిదీన్లు, తాలిబాన్లు, మధ్యలో కర్జాయ్, ఘనీ, మళ్ళీ తాలిబాన్లు. ఒకరంటే ఒకరికి గిట్టదు, ఒకరినొకరు చంపుకున్నారు, కానీ డ్యూరాండ్ గీతని అంతర్జాతీయ సరిహద్దుగా ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. కాబూల్ లో ఎవడు కుర్చీలో కూర్చున్నా ఈ ఒక్క విషయంలో మాత్రం మాట మారదు.

గల్ఫ్_మామ:
నేను దుబాయ్ ల ఉంటా, మా కంపెనీల డ్రైవర్లు సగం మంది పఠాన్లే. మా బస్సు నడిపే ఆయన పాస్ పోర్ట్ పాకిస్తాన్ ది, కానీ వాళ్ళ మేనమామ ఇల్లు జలాలాబాద్ ల ఉందంట. చిన్నప్పుడు పెండ్లికి పోవాల్నంటే బస్సెక్కి టోర్ఖం దాటిపోయేటోళ్ళంట, ఎవ్వడు కాయితం అడుగకపోతుండె. ఇప్పుడు వీసా కావాలె, లైన్ల నిలబడాలె, గేటు తెరుస్తరో లేదో తెల్వదు. నువ్వు ఏ దేశపోనివి అని అడిగితే ముందు పష్తూన్ అంటడు, తర్వాత ముస్లిం అంటడు, పాకిస్తానీ అన్నది మూడోది. మతం ఒక్కటైతే సాలు అనుకునేటోళ్ళు ఆయనతోని గంట సేపు మాట్లాడాలె.

సింగిల్_చాయ్:
సూపర్ మామా. సరే మ్యాపుల అన్నా, మాటల గొడవ ఓకే, మరి నిజంగా ఎంబసీలు మూసుకుని సంబంధాలు తెంచుకున్నది ఎప్పుడు? ఏం జరిగింది?

పాత_మ్యాపులు:
రెండుసార్లు, మొదటిది సగం, రెండోది పూర్తిగా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1955లో పాకిస్తాన్ తన పశ్చిమ ప్రావిన్సులన్నీ కలిపి "వన్ యూనిట్" చేస్తామంది. కాబూల్ లో ప్రధాని సర్దార్ దావూద్ ఖాన్, రాజు జాహిర్ షాకి దాయాది, పైగా బావ, పష్తూనిస్తాన్ (పాక్ వైపు పష్తూన్లకి వేరే దేశం) అంటే ప్రాణం పెట్టే మనిషి. రేడియోలో మండిపడ్డాడు. మర్నాడు, మార్చి 30న, గుంపు పాక్ ఎంబసీ మీద పడి జెండా పీకేసింది, కాందహార్, జలాలాబాద్ కాన్సులేట్ల మీద కూడా దాడులు, దానికి బదులుగా పెషావర్ లో ఆఫ్ఘన్ కాన్సులేట్ మీద దాడి. పాక్ బోర్డర్ మూసేసింది, నెలల తరబడి. సౌదీ, ఈజిప్టు లాంటి ముస్లిం దేశాలు మధ్యలో దూరి సెప్టెంబర్ లో జెండా మళ్ళీ ఎగరేయించి రాజీ చేశాయి. అదే ఏడాది డిసెంబర్ లో ఎవరొచ్చారో తెలుసా కాబూల్ కి? సోవియట్ నేతలు క్రుశ్చేవ్, బుల్గానిన్. పష్తూనిస్తాన్ విషయంలో మీ వెంట మేమున్నాం అన్నారు, 10 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించారు. కరాచీ దారి మూస్తే కాబూల్ ఉత్తరం వైపు తిరిగింది, అంతే జరిగింది. సముద్రం లేని దేశానికి గేటు మూయడం అంటే నువ్వు ఇంకో పొరుగువాడి దగ్గరికి పో అని చెప్పడమే, ఇది పాక్ కి ఇప్పటికీ ఎక్కలేదనిపిస్తుంది నాకు.

రెండోది 1961. అంతకు ముందు ఏడాది నుంచే పాక్ వైపున్న బాజౌర్ కి దావూద్ లష్కర్లని (గిరిజన దళాల్ని), మారువేషాల్లో సైనికుల్ని పంపాడు, అక్కడి గిరిజనులే వాళ్ళని తరిమికొట్టారు. అటు పాక్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ కూడా తగ్గే రకం కాదు, తనూ పష్తూనే కదా, హజారా ప్రాంతం వాడు. ఆగస్టులో పాకిస్తాన్ ఆఫ్ఘన్ కాన్సులేట్లు, ట్రేడ్ ఆఫీసులు మూసేయమంది, సెప్టెంబర్ 6 నాటికి సంబంధాలు తెగిపోయాయి. టైమింగ్ చూడండి, సెప్టెంబర్ అంటే ద్రాక్ష, దానిమ్మ కోతకొచ్చే రోజులు. ఏటా లారీల్లో ఖైబర్ దాటి పెషావర్ మీదుగా ఇండియాకి పోయే సరుకు అది, వారం ఆగితే కుళ్ళిపోతుంది. అప్పుడు సోవియట్ విమానాలు వచ్చి పళ్ళు ఎత్తుకుపోయాయి, ఆఫ్ఘన్ సంస్థ ఆరియానా విమానాలు ఢిల్లీకి మోసుకొచ్చాయి. ద్రాక్షపళ్ళు విమానం ఎక్కడం ఊహించుకోండి, అదీ 1961లో, గిట్టుబాటు సంగతి దేవుడికెరుక.

ఇంకో కామెడీ, అమెరికా ఆఫ్ఘనిస్తాన్ లో కడుతున్న ప్రాజెక్టుల సామాను మొత్తం పాక్ వైపు ఇరుక్కుపోయింది. పాకిస్తాన్ తీసుకెళ్ళండి అంటుంది, మా ట్రేడ్ ఆఫీసులు తెరిస్తేనే తీసుకుంటాం అని దావూద్ భీష్మించుకున్నాడు. కెనడీ లివింగ్ స్టన్ మర్చంట్ అనే దూతని పంపాడు, ఆయన రెండు రాజధానులూ తిరిగి ఉత్త చేతులతో వెళ్ళాడు. ఏటా చలికాలం గొర్రెలు ఒంటెలతో కిందికి దిగే పొవిందాలనే సంచార జాతుల వాళ్ళని కూడా పాక్ ఆపేసింది. వాళ్ళకి డ్యూరాండ్ ఎవరో తెలియదు, దెబ్బ మాత్రం వాళ్ళకే తగిలింది.

గోదారి_గాలి:
బానే ఉంది గానీ అన్నీ పాకిస్తాన్ మీదకే తోసేస్తున్నారేంటండి? మనకి పాక్ అంటే పడదు కాబట్టి ఆఫ్ఘన్ వాడు ఏం చేసినా ముద్దొస్తాడు. ఒకసారి పాక్ కుర్చీలో కూర్చుని చూడండి. కొత్తగా పుట్టిన దేశం, తూర్పున ఇండియాతో కశ్మీర్ యుద్ధం, పడమట చూస్తే పక్కవాడు నీ దేశంలో సగం నాది అంటాడు. అటక్ దాకా, సింధు నది దాకా మాదే అని కాబూల్ మ్యాపులు వేస్తే ఎవడూరుకుంటాడు? పష్తూన్లందరికీ స్వతంత్రం కావాలి అనే దావూద్ గారు తన వైపున్న పష్తూన్లకి మాత్రం ఓటు పెడతాననలేదు గమనించారా? పష్తూనిస్తాన్ అంటే గీతకి అవతల ఉన్నది మాత్రమే, ఇవతలది ఆఫ్ఘనిస్తాన్ అట. పొలం గట్టు తగాదాలో కూడా ఇంత అన్యాయం ఉండదండి. పాక్ తొలి ప్రధాని లియాకత్ అలీ ఖాన్ ని 1951లో రావల్పిండిలో కాల్చినవాడు ఆఫ్ఘన్ జాతీయుడే, అది కూడా మర్చిపోకండి.

పాత_మ్యాపులు:
గోదారి గారు, దావూద్ పాయింట్ నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, ఆ ప్రశ్నకి కాబూల్ దగ్గర ఎప్పుడూ జవాబు లేదు. కానీ లియాకత్ సంగతి అలా ముడిపెట్టకండి. కాల్చిన సయ్యద్ అక్బర్ ఆఫ్ఘన్ వాడే, కానీ తన దేశం నుంచి పారిపోయొచ్చి పాక్ లోనే, ప్రభుత్వ భత్యం మీద బతుకుతున్నవాడు. అక్కడికక్కడే పోలీసులు చంపేశారు, వెనకెవరున్నారో ఎన్నడూ తేలలేదు. కాబూల్ పంపిందని రుజువు ఏమీ లేదు.

లా_పాయింట్:
1961 ఎలా ముగిసిందో చెప్పలేదు మీరు.

పాత_మ్యాపులు:
అక్కడికే వస్తున్నా సార్. రెండు సీజన్లు పోయాయి. కస్టమ్స్ మీద బతికే ఆఫ్ఘన్ ఖజానా ఖాళీ, బజార్లో ధరలు మండిపోయాయి. జాహిర్ షా ఇక లాభం లేదనుకున్నాడు, 1963 మార్చిలో దావూద్ చేత రాజీనామా చేయించాడు. ఒక ప్రధాని పదవి పోగొట్టిన గేటు అది. మే నెలలో ఇరాన్ షా మధ్యవర్తిగా టెహ్రాన్ లో రాజీ కుదిరింది, రాయబారులు మళ్ళీ వచ్చారు, 1965లో ట్రాన్సిట్ ఒప్పందం కూడా రాసుకున్నారు. డ్యూరాండ్ గీత గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా.

ఇక్కడ మనవాళ్ళు పట్టించుకోనిది ఒకటుంది. 1965 యుద్ధంలో, 1971 యుద్ధంలో పాక్ కి పడమటి వైపు నుంచి ఒక్క తూటా పేలలేదు. జాహిర్ షా ఊరుకున్నాడు. సోవియట్ ఆయుధాలున్న సైన్యం, పాత పగ, తూర్పున పాక్ చిత్తవుతున్న సమయం, వేరే వాడైతే దూరేవాడే. ఆ పదేళ్ళూ, 1963 నుంచి 1973 దాకా, ఈ రెండు దేశాల మధ్య ఉన్నంతలో మంచి రోజులు. మతం అన్న ఊసు లేకుండా, లారీలు తిరగడం వల్ల వచ్చిన రోజులు.

నైట్_షిఫ్ట్:
మరి 1973లో ఏమైంది, దావూద్ మళ్ళీ వచ్చాడు కదా, ఈసారి ఏకంగా రాజునే దింపి. భుట్టో పీరియడ్ అది. తర్వాత ముజాహిదీన్ నాయకులైన హెక్మత్యార్, మసూద్ లు అప్పుడే పాకిస్తాన్ వచ్చారని ఎక్కడో చదివా.

కాఫీ_కబుర్లు:
నేను చెప్తా. జూలై 1973లో జాహిర్ షా ఇటలీలో ఉండగా దావూద్ కుర్చీ ఎక్కాడు, పష్తూనిస్తాన్ పాట మళ్ళీ మొదలు. బలోచ్ తిరుగుబాటుదార్లకి చోటిచ్చాడు. భుట్టో ఊరుకునే మనిషా? కాబూల్ యూనివర్సిటీ నుంచి పారిపోయొచ్చిన ఇస్లామిస్టు కుర్రాళ్ళని సరిహద్దు దళం చూసే నసీరుల్లా బాబర్ చేతుల మీదుగా ట్రెయినింగ్ ఇప్పించి వదిలాడు. 1975లో పంజ్ షీర్ లో మసూద్ వాళ్ళ తిరుగుబాటు అట్టర్ ఫ్లాప్ అయింది కానీ దావూద్ కి మెసేజ్ చేరింది. ముజాహిదీన్ల కథ జియాతో, అమెరికాతో మొదలైందని అందరూ అంటారు, కాదండీ బాబూ, సోవియట్లు రాకముందు నాలుగేళ్ళ క్రితం భుట్టో, అదీ సోషలిస్టు భుట్టో, వేసిన విత్తనం.

ఆశ్చర్యం ఏంటంటే ఆ దెబ్బతోనే ఇద్దరూ దగ్గరయ్యారు. 1976 జూన్ లో భుట్టో కాబూల్ వెళ్ళాడు, ఆగస్టులో దావూద్ పాక్ వచ్చాడు. భుట్టోని జియా దింపేశాక కూడా దావూద్ 1978 మార్చిలో మళ్ళీ వచ్చి మాట్లాడాడు. గీతని ఏదో ఒక రూపంలో ఒప్పుకునే దాకా వచ్చాడని కొందరు రాస్తారు, నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. ఏదైతేనేం, ఏప్రిల్ 27న మొదలైన కమ్యూనిస్టుల కుట్రలో దావూద్ ని, కుటుంబాన్ని కాల్చేశారు. రాజీకి అంత దగ్గరగా మళ్ళీ ఎవ్వరూ రాలేదు.

గల్ఫ్_మామ:
నాకు ఒకటి సమజ్ కాలే. 80లల్ల సోవియట్ల మీద యుద్ధమంత పాకిస్తాన్ నుంచే నడిచె, మరి అప్పుడు ఈ రెండు దేశాలకు ఎంబసీలు ఉండెనా లేకుండెనా?

కాఫీ_కబుర్లు:
మామా, కాబూల్ ప్రభుత్వాన్ని పాక్ గుర్తించలేదు, కానీ దానితోనే ఒప్పందం చేసుకోవాలి. అందుకని జెనీవాలో ఏం చేశారంటే, 1982 నుంచి ఆరేళ్ళు, రెండు బృందాలూ ఒకే గదిలో కూర్చోకుండా, ఐరాస తరఫున డియెగో కార్డోవెజ్ అనే ఆయన ఈ గదిలో కాగితం పట్టుకుని ఆ గదికి, ఆ గది నుంచి ఈ గదికి తిరిగాడు. 30 లక్షల మందికి పైగా శరణార్థులు పాక్ క్యాంపుల్లో ఉన్నారు, అక్కడ యుద్ధం నడుస్తోంది, ఇక్కడ మొహాలు చూసుకోరు. చివరికి 1988 ఏప్రిల్ 14న ఆఫ్ఘన్, పాక్ విదేశాంగ మంత్రులు అబ్దుల్ వకీల్, జైన్ నూరానీ సంతకాలు పెట్టారు, అమెరికా, సోవియట్ హామీదార్లు. ఒకరి వ్యవహారాల్లో ఒకరు వేలు పెట్టం అని రాసుకున్నారు. సిరా ఆరకముందే వేళ్ళు కాదు చేతులే పెట్టారు.

అదే ఏడాది జనవరిలో సరిహద్దు గాంధీ పెషావర్ లో చనిపోయారు. నన్ను జలాలాబాద్ లోనే పాతిపెట్టండి అని ముందే చెప్పారు. వేలమంది జనం ఖైబర్ దాటి శవయాత్రలో నడిచారు, కాల్పులు ఆపుతాం అని రెండు వైపులా ఒప్పుకున్నా అక్కడ బాంబులు పేలి జనం చనిపోయారు. నివాళి అర్పించడానికి రాజీవ్ గాంధీ పెషావర్ వెళ్ళారు.

సింగిల్_చాయ్:
వామ్మో ఇంతుందా. మరి తాలిబాన్లు పాక్ పెంచిన వాళ్ళే అంటారు, వాళ్ళైనా గీత ఒప్పుకుని ఉండాలి కదా?

గోదారి_గాలి:
అదే కదా విడ్డూరం. 1997 మేలో తాలిబాన్ ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాలు మూడే, పాక్, సౌదీ, యూఏఈ, అందులో మొదటిది పాక్. అయినా గీత విషయంలో తాలిబాన్ల అధినేత ముల్లా ఒమర్ ఒప్పుకోలేదు. 2001 తర్వాత ఆ తాలిబాన్ రాయబారి జయీఫ్ నే ఇస్లామాబాద్ లో పట్టుకుని అమెరికాకి అప్పజెప్పారు, గ్వాంటనామోలో ఉండొచ్చాడు ఆయన. రాయబారిని పట్టించడమా అని తాలిబాన్లకి అది ఇప్పటికీ మంటే. 2017 నుంచి పాక్ కంచె కడుతోంది, 2021 డిసెంబర్ లో నంగర్ హార్ లో తాలిబాన్ సైనికులు వచ్చి ఆ ముళ్ళతీగ చుట్టలు లాక్కుని కంచె ఆపించారు. కాబూల్ లో తాలిబాన్లు గెలిచారని ఇస్లామాబాద్ లో సంబరపడి నాలుగు నెలలే అయిందండి. అధికారిక గుర్తింపు కూడా ఈసారి ఇవ్వలేదు, మొదట ఇచ్చింది రష్యా, 2025 జూలైలో. పాక్ మీద దాడులు చేసే టీటీపీ (పాకిస్తానీ తాలిబాన్) వాళ్ళకి చోటిస్తున్నారని పాక్, మా మీద బాంబులేస్తున్నారని కాబూల్. 2025 అక్టోబర్ లో యుద్ధం దాకా పోతే ఖతార్, టర్కీ దోహాలో కూర్చోబెట్టాయి. పాక్ ని సమర్థించిన నేనే చెప్తున్నా, 2023 నవంబర్ నుంచి నలభై ఏళ్ళుగా ఉంటున్న ఆఫ్ఘన్లని, అక్కడే పుట్టిన పిల్లల్ని కూడా లారీలెక్కించి పంపేయడం మాత్రం దారుణం.

లా_పాయింట్:
చట్టం ప్రకారం కాగితాలు లేనివాళ్ళని పంపొచ్చు. చేసిన పద్ధతి తప్పు, అంతవరకు ఒప్పుకుంటా.

గల్ఫ్_మామ:
బేగంబజార్ ల అంజీర్, కిస్మిస్ రేటు అడుగుర్రి, అక్కడ గేటు బందయితే ఇక్కడ షాపాయన మొఖం చూస్తే తెలుస్తది. ఇంటికొచ్చినప్పుడల్లా అక్కడికి పోతా, ఏమైంది సేట్ అంటే "ఉధర్ బార్డర్ బంద్ హై" అంటడు.

పాత_మ్యాపులు:
మామ మాటకి లెక్క చెప్తా. 2010 ట్రాన్సిట్ ఒప్పందం ప్రకారం ఆఫ్ఘన్ లారీ వాఘా దాకా సరుకు తేవచ్చని, తిరుగు ప్రయాణంలో ఇండియా సరుకు ఎక్కించుకోకూడదని ఉండేది, ఖాళీగా పోవాల్సి వచ్చేది. అంత దూరం ఖాళీ లారీ నడిపితే ఆ కిరాయి ఎవరి మీద పడుతుంది? మన అంజీర్ మీదే. అందుకే కాబూల్ మళ్ళీ 1955 పనే చేసింది, వేరే దారి చూసుకుంది. ఇండియా ఇరాన్ బోర్డర్ వైపు జరంజ్ – దెలారం రోడ్డు 218 కిలోమీటర్లు వేసి 2009లో అప్పజెప్పింది, 2016లో ఇరాన్ రేవు చాబహార్ మీద ఒప్పందం, 2017లో కాబూల్ – ఢిల్లీ విమాన కార్గో, ఆ ఏడాదే చాబహార్ మీదుగా గోధుమలు.

ఈ నియమానికి మినహాయింపుగా జరిగింది ఒక్కటి చెప్పి పడుకుంటా, పొద్దున ఆఫీసుంది. 2021 అక్టోబర్ లో ఇండియా 50,000 టన్నుల గోధుమలు ఉచితంగా ఇస్తానంది, పాక్ గుండా వెళ్ళనివ్వాలి. ఎవరి లారీలు అన్న దగ్గర నెలలు గడిచాయి, చివరికి ఆఫ్ఘన్ లారీలే అటారీ దాకా ఖాళీగా వచ్చి 2022 ఫిబ్రవరి 22న గోధుమలు నింపుకుని వాఘా, టోర్ఖం మీదుగా జలాలాబాద్ పోయాయి. లారీలు అవే, రోడ్డు అదే, డ్రైవర్లు వాళ్ళే. ఇస్లామాబాద్ ఊ అంటే పనయింది. ఎప్పుడు ఊ అంటుందో ఎప్పుడు ఊహూ అంటుందో తెలియకే కాబూల్ లో ఎవడొచ్చినా ముందు ఇరాన్ రోడ్డు బాగుచేయించుకుంటాడు.

నైట్_షిఫ్ట్:
మ్యాపుల అన్నా పడుకునే ముందు ఒక్కటి, కాబూల్ లో పష్తూనిస్తాన్ పేరుతో ఒక చౌరస్తా ఉండేదట కదా, ఇప్పుడూ ఉందా?

పాత_మ్యాపులు:
ఉంది, అధ్యక్ష భవనానికి దగ్గర్లోనే. ఇక గుడ్ నైట్.